మలయ్ సినిమా తొలినాళ్ల మహిళా డైరెక్టర్ వాన్ హోయ్ లింగ్: ఒక్క రీలు కూడా మిగలని మనిషిని పిల్లలకు ఎట్లా చూపించాలి?

హన్మకొండ లెక్చరర్:

అందరికీ నమస్తే. నేను హన్మకొండలో ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీలో హిస్టరీ చెప్తాను. మార్చి 8కి మా పిల్లలు ఒక ఎగ్జిబిషన్ పెడుతున్నారు. సినిమా పుట్టిన కొత్తల్లో కెమెరా వెనక నిలబడ్డ ఆడవాళ్ల గురించి. ఒక్కొక్కరికి ఒక చార్టు, పక్కన లాప్‌టాప్‌లో రెండు నిమిషాల వీడియో. భానుమతి గారికి ఇబ్బంది లేదు, 'చండీరాణి' పాట పెడితే సరిపోతుంది. సావిత్రి గారి చార్టు కోసమైతే పిల్లలు పోటీ పడ్డారు.

చిక్కు వాన్ హోయ్ లింగ్ దగ్గర వచ్చింది. కొన్నిచోట్ల వాన్ హై లింగ్ అని కూడా రాస్తారు. చైనీస్ ఆవిడ. 1940, 41ల్లో సింగపూర్‌లో షా బ్రదర్స్ అనే సినిమా కంపెనీ వాళ్లకు మలయ్ భాషలో వరుసగా సినిమాలు తీసింది. దర్శకుల పేర్ల దగ్గర ఆమెతో పాటు హౌ యావ్ అనే చైనీస్ దర్శకుడి పేరు ఉంటుంది. 'ముతియారా', 'బెర్మాదు', 'ఇబు తిరి', 'హంచూర్ హాతి', 'తిగా కెకాసిహ్' ఆ సినిమాల్లో కొన్ని. యుద్ధం వచ్చింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతుల్లోకి పోయింది. హౌ యావ్‌ని ఆ ఏడాదే జపాన్ వాళ్లు చంపేశారు. సినిమాలు మిగల్లేదు.

ఈ చార్టు చేస్తున్నది నర్సంపేట వైపు నుంచి వచ్చే ఫస్టియర్ అమ్మాయి. సినిమా పేర్లకు అర్థాలు వెతికి రాసుకొని నా దగ్గరికి వచ్చింది. "మేడం, ఇబు తిరి అంటే సవతి తల్లి అంట. బెర్మాదు అంటే సవతుల కథ అంట. ఇవన్నీ మా నానమ్మ చూసే సినిమాల లాగనే ఉన్నయి కదా" అన్నది. ఆ మాట విన్నప్పటి నుంచి ఈ చార్టు మీద నాకు మిగతా వాటికంటే ఎక్కువ ప్రేమ.

కానీ స్టాఫ్ రూంలో ఒక సార్ అడ్డం పడ్డారు. "ఆమె పేరు ఎప్పుడు చూసినా ఆయన పక్కనే ఉంది. అసలు పని ఆయనదే అయ్యుంటుంది, ఈమె అసిస్టెంట్ అయ్యుంటుంది. పైగా చూపించడానికి ఒక్క సీను లేదు. తీసేసి ఇంకొకరిని పెట్టండి" అంటున్నారు. ఆయన చెడ్డగా ఏమీ అనలేదు, మామూలుగానే అన్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. అయితే మనసొప్పకపోవడం ఒక్కటే కారణంగా చూపిస్తే ఆయన ఊరుకోరు కదా.

ఇద్దరి పేర్లు ఉన్నప్పుడు ఆమెను డైరెక్టర్ అని రాయడం తప్పా? "ఆగ్నేయాసియా మొదటి మహిళా డైరెక్టర్" అని హెడ్డింగ్ పెట్టొచ్చా? క్లిప్ లేని చార్టు పక్కన ఏం పెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.


జగిత్యాల టు సింగపూర్:

మేడం, మాది జగిత్యాల దగ్గర పల్లె. చాలా ఏండ్ల నుంచి సింగపూర్‌లో కన్‌స్ట్రక్షన్ సైట్లలో సూపర్‌వైజర్‌గా చేస్తున్న. ఆదివారం సెలవు దొరికితే పాత సినిమా హాళ్లు ఎక్కడెక్కడ ఉండేవో తిరిగి చూసే పిచ్చి ఉన్నది. మీ పోస్టు చూసి ఆగలేకపోయిన.

ముందు ఒక సంగతి. అప్పటి సింగపూర్‌లో చైనీస్ దర్శకులు మలయ్ సినిమా తీయడం వింతేం కాదు. అక్కడి సినిమా మొదటి నుంచి అట్లనే నడిచింది. 1930ల్లో వచ్చిన తొలి మలయ్ టాకీ 'లైలా మజ్నూన్' తీసింది మన ఇండియా మనిషే, బి.ఎస్. రాజ్‌హన్స్. డబ్బు పెట్టింది కూడా ఇండియా వ్యాపారస్తులే. తర్వాత 1937లో డచ్చి వాళ్ల ఇండీస్‌లో, అంటే ఇప్పటి ఇండోనేషియాలో, 'తెరాంగ్ బులాన్' అని ఒక సినిమా వచ్చింది. అది సింగపూర్, మలయాల్లో ఇరగాడింది. దాన్ని చూసి షా బ్రదర్స్‌కి ఆశ పుట్టింది. మలయ్ జనం తమ భాషలో సినిమా వస్తే టికెట్ కొంటారని తెలిసిపోయింది. హాళ్లు వాళ్ల దగ్గర ఉన్నాయి, హాంకాంగ్‌లో మనుషులు ఉన్నారు. అందుకని అక్కడి నుంచి హౌ యావ్‌ని, వాన్ హోయ్ లింగ్‌ని పిలిపించారు. యాక్టర్లు బంగ్సావాన్ నాటకాల నుంచి వచ్చారు. అది మన సురభి వాళ్ల పద్యనాటకాల్లాంటిది. పాట, డాన్సు, రాజుల కథలు, ఊరూరా తిరగడం, అన్నీ ఉంటాయి.

ఒక్కసారి ఆ షూటింగ్ ఊహించుకోండి మేడం. దర్శకులకు చైనీస్, యాక్టర్లకు మలయ్. మా సైటులో రోజూ ఇదే పరిస్థితి. ఫోర్‌మన్ చైనీస్ మాట్లాడుతాడు, మేస్త్రీలు బంగ్లాదేశ్ వాళ్లు, మేము తెలుగు. అట్లాంటి చోట పని నడవాలంటే ఎదుటి మనిషికి చేసి చూపించేవాళ్లు కావాలి. కూర్చొని చెప్పేవాళ్లతో కాదు. సెట్టులో ఎవరు ఏం చేశారో నేను చూడలేదు, కాబట్టి ఆమె ఇది చేసింది, ఆయన అది చేశాడు అని పంచి చెప్పను. కానీ అట్లాంటి సెట్టు మీద సినిమా వెనక సినిమాగా రెండేండ్లు పేరు నిలబడిందంటే ఊరికే నిలబడదు.

యుద్ధం తర్వాత షా వాళ్ల మలయ్ స్టూడియో బాలెస్టియర్ రోడ్డు పక్కన జలాన్ అంపాస్ సందులో నడిచింది. ఇప్పుడు ఆ బాలెస్టియర్ రోడ్డు మీద వరుసగా లైట్ల షాపులు. సందులోకి తిరిగితే 8వ నంబరు గేటు. నేను బయట నిలబడి ఫోటో తీసుకున్న, కావాలంటే పంపిస్త. యుద్ధం తర్వాత ఆ స్టూడియోలో డైరెక్టర్లుగా ఎక్కువగా ఇండియా వాళ్లే చేశారు. అదే రాజ్‌హన్స్ 1948లో 'చింతా' తీశాడు. వాళ్ల పెద్ద హీరో పి. రామ్లీకి అదే మొదటి సినిమా. ఎల్. కృష్ణన్ మద్రాసు మనిషి. బెంగాలీ ఫణి మజుందార్ 1956లో 'హంగ్ తువా' తీశాడు. ఇంతమందిలో మళ్లీ ఆడ డైరెక్టర్ లేదు. నటి సాదియా 1979లో 'చెరితాకు చెరితాము' తీసేదాకా మలయ్ సినిమాలో ఆ కుర్చీ ఖాళీ. వాన్ హోయ్ లింగ్ తర్వాత దగ్గర దగ్గర నలభై ఏండ్లు! మీ సార్‌కి ఈ ఒక్క లెక్క చెప్పండి.

క్లిప్ బదులు ఏం పెట్టాలి అన్నారు. సింగపూర్ నేషనల్ లైబ్రరీ వాళ్లు పాత పేపర్లు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు, చాలావరకు ఫ్రీగానే చూడొచ్చు. సినిమా పేరు కొట్టి 1940, 41 అని సంవత్సరం పెట్టి వెతికించండి. స్పెల్లింగ్ పాత పద్ధతిలో ఉంటుంది కాబట్టి రెండు మూడు రకాలుగా కొట్టాలి. సినిమా ప్రకటన ఒక్కటి దొరికినా ప్రింట్ తీసి చార్టుకు అంటించొచ్చు. వెతికే పని ఆ నర్సంపేట అమ్మాయికే అప్పజెప్పండి.


కరీంనగర్ పాత సినిమాలు:

మేడం, మీ హెడ్డింగ్ గురించి మాత్రం చెప్తాను. "ఆగ్నేయాసియా మొదటి మహిళా డైరెక్టర్" అని పెట్టకండి. ఫిలిప్పీన్స్‌లో కార్మెన్ కొంచా 1939లోనే సినిమాలు తీసింది. 'మగ్‌కాయిసాంగ్ లందాస్' ఆమెదే. ఎవరైనా ఫోన్‌లో వెతికి "తప్పు రాశారు" అంటే మీ పిల్లల కష్టం అంతా ఆ ఒక్క మాటతో పోతుంది. "సింగపూర్ మలయ్ సినిమాల తొలి మహిళా డైరెక్టర్" అనండి. అది నిలబడుతుంది, చిన్నమాటేం కాదు. ఇండోనేషియా గురించి ఎవరైనా అడిగితే అక్కడ రత్నా అస్మారా ఉంది, 1951లో 'సెదాప్ మాలాం'. అంటే ఇండోనేషియా కంటే పదేండ్లు ముందే సింగపూర్‌లో ఈమె పని చేసింది.

ఇక సినిమా మిగల్లేదు కాబట్టి తీసేయాలనే మాట నాకు అసలు మింగుడు పడటం లేదు. మన దేశంలో మొదటి మహిళా డైరెక్టర్ ఎవరు? ఫాత్మా బేగం. 1926, 'బుల్‌బుల్-ఎ-పరిస్తాన్'. ఆ సినిమా ఎక్కడుంది? లేదు. అయినా ఏ పుస్తకంలోనూ ఆమె పేరు కొట్టేయలేదు. మన మొదటి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932ది. దాని ప్రింటు మనకు దొరకడం లేదు, అయినా ఏటా ఫిబ్రవరిలో హెచ్.ఎం. రెడ్డి గారిని తలుచుకుంటూనే ఉన్నాం. మా కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ గారు బొంబాయి పోయి మూకీ సినిమాల్లో హీరోగా వేశారు. ఆ మూకీల్లో చాలావరకు ఇప్పుడు చూద్దామంటే లేవు. దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చేటప్పుడు రీలు తెచ్చి చూపించమని ఎవరూ అడగలేదు. చైనీస్ ఆవిడ దగ్గరికి వచ్చేసరికే రూలు ఎందుకు మారాలి?

మీ స్టాఫ్ సార్ మాట ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆయన పేరు దాచి ఈమె పేరు ఒక్కటే వేస్తే అదీ అన్యాయమే. హౌ యావ్ చిన్న మనిషి కాదు. 1920ల్లోనే సినిమా స్క్రిప్టు రాయడం ఎట్లా అని చైనీస్‌లో పుస్తకం రాసిన మనిషి. 1927లో ఆయన తీసిన 'రొమాన్స్ ఆఫ్ ది వెస్టర్న్ చాంబర్' అనే మూకీ పారిస్ దాకా పోయి ఆడింది. ఆ యూరప్ కాపీ ఉండబట్టే దాంట్లో కొంత భాగం ఇప్పటికీ చూడగలుగుతున్నాం. ఇద్దరి పేర్లూ వేయండి. "దర్శకత్వం: హౌ యావ్, వాన్ హోయ్ లింగ్" అంటే సరిపోతుంది. కలిసి చేసిన పనిని కలిసి చేసినట్టే రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.


కాజీపేట ఆపరేటర్:

అమ్మా, నేను కాజీపేటలో ఉంటా. వరంగల్ చుట్టుపక్కల టాకీసుల్లో ఆపరేటర్‌గా చేసి రిటైర్ అయిన. ఫోన్‌లో ఇది మా మనవడు టైప్ చేస్తున్నడు, నేను చెప్తున్న. మలయా సినిమాల సంగతి నాకు తెల్వదు. రీలు సంగతి తెలుసు. మీ సార్ అన్న మాటకు జవాబు రీలులోనే ఉన్నది, అందుకే చెప్తున్న.

సినిమా పెట్టె రైల్లో వచ్చేది. స్టేషన్ నుంచి రిక్షాలో హాలుకు తెచ్చుకునేటోళ్లం. పెట్టె తెరవంగనే నేను మొదలు చూసేది ఒకటో రీలు మొదటి భాగం. ఎందుకంటే దెబ్బ అంతా దానికే. ప్రతి షోకు ఫిలిం కొసను పట్టి ప్రొజెక్టర్ పళ్లకు ఎక్కించాలె. చేతి చెమట, దుమ్ము, గీతలు, పంటి రంధ్రాలు చినుగుడు, అన్నీ ఆ మొదట్లనే. తెగితే ఏం చేస్తం? తెగిన కాడ కత్తిరించి, బ్లేడుతో మీది పూత గీకి, ఫిలిం సిమెంటు రాసి, రెండు కొసలు ఒత్తి అతికిస్తం. అతికించిన ప్రతిసారీ ఒకటో రెండో బొమ్మలు పోతయి. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు. హైదరాబాద్‌ల ఆడి, జిల్లాలు తిరిగి, చివరికి పరకాల, ములుగు టెంటుకు చేరేసరికి ఎన్ని అతుకులు పడి ఉంటయో మీరే ఆలోచించుండ్రి.

అంటే పేర్లు వచ్చే చోటే ముందు పోతది తల్లీ. కంపెనీ పేరు పోతది, ఆర్టిస్టుల పేర్లు తునకలు తునకలుగ మిగులుతయి. ఒక కార్డు మీద రెండు పేర్లు ఉంటే అది కన్ను కొట్టినట్టు వచ్చిపోతది, జనం పైపేరు చదువుతరు, కిందిపేరు చదివేలోపల సీను మొదలైతది. నా చేతుల మీదుగ పోయిన సినిమాలల్ల పేర్లు పూర్తిగ మిగిలిన ప్రింట్లు చిన్న ఊర్లకు వచ్చింది తక్కువ. కథ మొత్తం ఉంటది, తీసినోళ్లు ఎవరో ఉండదు. ఇది ఎవరి కుట్ర కాదు, మిషన్ పద్ధతే అంత. కానీ దానివల్ల మరిచిపోయిన పేర్లు ఎక్కువగ ఎవరియి? కింద రాసినోళ్లవి. ఇప్పుడు మీ సార్ చేస్తున్నది గూడ అదే, రెండో పేరును కత్తిరిస్తున్నడు. ఆయనకు తెల్వక చేస్తున్నడు, కోపం చెయ్యకుండ చెప్పుండ్రి.

ఇంకొకటి. 1940, 41 అంటే అది నైట్రేట్ ఫిలిం. నేను పనిలోకి వచ్చేసరికి అది బందైంది, సేఫ్టీ ఫిలిం నడుస్తున్నది. కానీ నాకు పని నేర్పిన ఉస్తాద్ నైజాం జమానా నుంచి ఉన్న మనిషి, నైట్రేట్ మీద పని చేసిండు. ఆయన చెప్పేది వింటే ఒళ్లు జలదరిస్తది. నైట్రేట్ అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. మంటకు కావాల్సిన గాలి దాంట్లనే ఉంటది కాబట్టి నీళ్ల కింద గూడ కాలుతది. క్యాబిన్‌ల ఇసుక బకెట్లు, ఇనుప రేకు తలుపు, కిటికీకి టక్కున పడే రేకు మూత. బీడీ ముట్టించినోడిని ఆ రోజే పనిలోంచి తీసేసేటోళ్లట. కాలకపోయినా సరే, ఉక్క ఉన్న కాడ పెడితే అది తనంతట తానే చెడిపోతది. ముందు బొమ్మ మసకబారుతది, తర్వాత బంకలాగ అతుక్కుంటది, ఆఖరికి గోధుమరంగు పొడి. సింగపూర్‌ల ఏడాది పొడుగునా ఉక్క, వాన. మీదికెళ్లి బాంబులు. ఇంకెట్ల మిగులుతది? రీలు మిగల్లేదంటే మనిషి పని చెయ్యలేదని కాదు, పెట్టెను కాపాడేటోళ్లు లేకపోయిన్రని. ఆ మాట మీ చార్టు మీద పెద్ద అక్షరాలతో రాయించుండ్రి.

క్లిప్ లేకపోతే ఏం పెట్టాలె అన్నరు కదా. పక్కన ఒక అతుకు పడ్డ ఫిలిం ముక్క పెట్టుండ్రి. మలయాది కాకపోయినా సరే. నా దగ్గర కొన్ని ముక్కలు ఉన్నయి, అన్నీ సేఫ్టీయే, భయం లేదు. పిల్లలు వెలుతురుకు పట్టుకొని చూస్తే తెలుస్తది, పేరు ఎట్ల పోతదో.


హన్మకొండ లెక్చరర్:

మీ ముగ్గురికీ ఏమని చెప్పాలో తెలియడం లేదు. మీరు రాసినవన్నీ ఇవాళ స్టాఫ్ రూంలో చదివి వినిపించాను. ఆపరేటర్ గారు రీలు మొదటి భాగం గురించి చెప్పింది విని ఆ సార్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే రెండు పేర్లూ ఒకే సైజులో రాయించండి" అన్నారు. నాకు అది చాలు.

చార్టు ఇట్లా మారింది. పైన "సింగపూర్ మలయ్ సినిమాల తొలి మహిళా డైరెక్టర్ వాన్ హోయ్ లింగ్". దాని కింద సినిమాల పేర్లు, తెలుగు అర్థాలతో. ప్రతి సినిమా పక్కన దర్శకత్వం అని ఇద్దరి పేర్లు. అడుగున ఒక గీత గీసి, ఒక చివర 1941, ఇంకో చివర సాదియా 1979. మధ్యలో ఏమీ రాయలేదు. ఖాళీగానే ఉంచుదామని పిల్లలే అన్నారు.

పక్క బల్ల మీద ఫాత్మా బేగం చార్టును కూడా ఇటు జరిపాం. రెండింటికీ క్లిప్ లేదు కాబట్టి పక్కపక్కన పెడితే చూసేవాళ్లకు విషయం తొందరగా అర్థమవుతుంది. కరీంనగర్ గారూ, ఈ ఆలోచన మీ పోస్టు నుంచే వచ్చింది.

జగిత్యాల అన్నా, గేటు ఫోటో తప్పకుండా పంపండి. పాత పేపర్లలో వెతుకులాట మొదలుపెట్టింది మా నర్సంపేట పిల్ల. స్పెల్లింగ్ మార్చి మార్చి కొడుతోంది. ఏది దొరికినా ఇక్కడే పెడతాం.

ఆపరేటర్ గారూ, మీ మనవడి చేత నాకు మెసేజ్ పెట్టించండి. ఫిలిం ముక్కలు తెస్తే సంతోషం, దాంతోపాటు మీరు కూడా వచ్చి ఒక అరగంట పిల్లలతో మాట్లాడాలి. బ్లేడు, సిమెంటు ఏమైనా మిగిలి ఉంటే అతుకు ఎట్లా వేస్తారో చేసి చూపించండి. రావడానికి, పోవడానికి ఆటో మేము పంపిస్తాం.


కాజీపేట ఆపరేటర్:

వస్త అమ్మా. సిమెంటు సీసా ఎండిపోయింది, జాయినర్ మిషన్ మాత్రం ఉన్నది, తుడిచి తెస్త. ఒక తెల్ల బల్బు, కింద నుంచి వెలుతురు పడేటట్టు ఒక గాజు పలక ఏర్పాటు చెయ్యుండ్రి. మా మనవడు మీకు నంబర్ పంపుతడు.